చేతులు వెనక్కి!

ఆల్బర్దీనాని మా ఊళ్ళో అందరూ దీనా అనే పిలుస్తారు. రాజవంశమంటే ఆవిడకి ప్రాణం. ఆ ఇంట్లో ఎవరికి ఎవరు ఏమవుతారో నిద్రలో అడిగినా చెబుతుంది, సొంత మేనకోడళ్ళ పేర్లకి మాత్రం తడుముకుంటుంది. ఇంత భక్తి ఉండీ ఏం లాభం? ఆ వంశంలో ఒక్కరితోనైనా చెయ్యి కలిపే రాత ఆవిడకి లేకపోయింది. వెనకటికి రాణిగారు పక్క ఊరికొస్తే, పొద్దున్నే వెళ్ళి బారికేడ్ పట్టుకుని నిలబడింది. రాణిగారు సరిగ్గా ఎదురుగా వచ్చేసరికి అవతలి వైపు ఎవరో పూలగుత్తి ఊపారు. రాణిగారు అటు తిరిగిపోయింది.

ఆ పూలగుత్తి ఎవరిదో కాదు, దీనా ఆడబిడ్డ ఫ్రౌకెది.

అప్పట్నుంచీ ఫ్రౌకె ఇంట్లో కాఫీ అంటే దీనాకి శిక్షే. ఫ్రౌకె తలో బిస్కట్ పెట్టి డబ్బా మూత టక్కున వేసేస్తుంది. అందులో తప్పేం లేదు, మా వాళ్ళందరూ అంతే. ఆ తర్వాత కుడిచెయ్యి పైకెత్తడమే భరించలేని సంగతి.

"రాణిగారు పట్టుకున్న చెయ్యి ఇది. ఎంత మెత్తని వేళ్ళనుకున్నావు! నీకెలా తెలుస్తుందిలే, పాపం."

దీనా తన ఒక్క బిస్కట్‌నీ కసిగా నమిలేది.

అలాంటిది, ఈ ఏడు రాజుగారి పుట్టినరోజు పండక్కి రాజకుటుంబం మా ఊరికే వస్తోందన్నారు. ఊరంతా రాజవంశపు రంగైన నారింజ రంగు పూసుకుంది. పండగ కమిటీ వాళ్ళు దీనాకి కేకు కొరికే ఆట అప్పగించారు. బడి ఆవరణలో పిల్లల్ని కాసిన రోజుల నుంచీ అది ఆవిడ సొత్తే. పాకం పూసిన మసాలా కేకు ముక్కలు తాడుకి వేలాడతాయి. చేతులు వీపు వెనక పెట్టుకుని నోటితోనే అందుకోవాలి. చెయ్యి ముందుకొచ్చిందో, దీనా గొంతు లేస్తుంది. పోయినేడు మేయరంతటాయనే ఆ కేకకి ఉలిక్కిపడి ముక్కు పాకంలో ముంచుకున్నాడు.

"ఒక యువరాజు నీ దగ్గరికొస్తాడు. ముందు నీతో చెయ్యి కలుపుతాడు, ఆ తర్వాతే కేకు" అని కమిటీ వాళ్ళు చెప్పారు.

దీనా మొగుడు హార్మ్‌కి రాజులంటే గిట్టదు. "పన్నులు కట్టేది మనం, చేతులూపేది వాళ్ళు" అంటాడు. అయినా బంగాళాదుంపల తొక్క తీస్తున్నవాడు తీస్తున్నట్టే లేచి యువరాజు వేషం కట్టి, పెళ్ళాం చేత సాధన చేయించాడు.

"అంత గట్టిగా నొక్కకు దీనా, మనిషి జడుసుకుంటాడు!"

పండగనాడు బ్యాండు, తుంపర, ఇసకేస్తే రాలని జనం. ఫ్రౌకె సరిగ్గా ఆట పక్కనే బారికేడ్‌కి ఆనుకుని నిలబడింది.

"ఏం దీనా, అరచేతులు చెమటలు పడుతున్నాయా?"

"నా సంగతి సరే వదినా, నీ చెయ్యి జాగ్రత్త. వానకి తడిస్తే పాడవుతుందేమో!"

పొద్దుట్నుంచీ దొంగాటలాడే పిల్లల మీద అరిచి అరిచి దీనా గొంతు వేడెక్కి ఉంది. యువరాజు రానే వచ్చాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు, కేకేమో ఆయన గడ్డం కిందే ఉండిపోయింది. దీనా కంగారుగా రెండు చేతులతో తాడు పైకి లాగుతూ కేకు వంకే చూస్తోంది. కేకు కిందుగా ఒక చెయ్యి ముందుకొచ్చింది.

"చేతులు వెనక్కి!"

బ్యాండు ఆగిపోయింది. యువరాజు రెండు చేతులూ వీపు వెనక్కి పోయాయి. ఆయన వెనకున్న మేయరువీ, నల్లకోటు అంగరక్షకులవీ కూడా పోయాయి. జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు.

యువరాజు బుద్ధిగా నోటితోనే కేకు అందుకున్నాడు. గడ్డం మీంచి పాకం కారుతుండగా వంగి, "ఇక చేతులు వదలొచ్చా అమ్మా?" అని అడిగాడు.

దీనా తాడు పట్టుకుని బొమ్మలా తలూపింది. ఆవిడ తాడు వదిలేలోపు ఆయన్ని ముందుకు నడిపించేశారు. రెండడుగులు వేసి బారికేడ్ దగ్గర ఆగి చెయ్యి కలిపాడు, ఫ్రౌకెతో!

దీనా ఇంటికొచ్చి నారింజ టోపీ కూడా తియ్యకుండా కూలబడి ఏడ్చేసింది. "దగ్గరికొచ్చిన చెయ్యిని నా నోటితో నేనే తరిమేశాను హార్మ్!"

టీవీ చూడనే చూడనన్న హార్మ్ అంతా చూశాడు. "వాళ్ళు చేతులూపడమే చూశాను ఇన్నేళ్ళూ. ఒకళ్ళు చెబితే చేతులు కట్టుకోవడం ఇవాళే చూశా" అని పక్కన కూర్చున్నాడు. నవ్వాలో ఏడవాలో దీనాకి తెలియలేదు.

ఆదివారం ఫ్రౌకె ఇంట్లో కాఫీ. తలో బిస్కట్, టక్కున మూత. చెయ్యి పైకి లేచింది.

"ఇప్పుడిది ఇద్దరు పట్టుకున్న చెయ్యి!"

దీనా చెంచాతో కాఫీ కలుపుతూ తలెత్తకుండానే అంది. "అవును వదినా. నేను వదలమన్నాకే కదా ఆయన చేతులు వదిలాడు, నీతో కలపడానికి."

హార్మ్‌కి పొలమారింది. ఫ్రౌకె కాసేపు తన చెయ్యి వంక చూసుకుని దించేసింది. తర్వాత బిస్కట్ల డబ్బా మూత మళ్ళీ తీసి, దీనా ముందుకి జరిపింది.