కండె లేని నాడె

నా చిన్నప్పుడు మేం మీర్‌పేట్‌లో ఉండేవాళ్లం. పోచంపల్లి దగ్గరి ఊళ్లో నేత సాగక మా తాతయ్య మా దగ్గరికి వచ్చేశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద చీరల దుకాణం వాళ్లు ఆయన్ని పనిలో పెట్టుకున్నారు. గుమ్మం పక్కన, అద్దాల వెనక మగ్గం మీద కూర్చోవడం ఆయన పని. మా తాతయ్య నేసిన చీరలు ఎవరెవరో కట్టుకుంటున్నారని బడిలో చెప్పాలని నాకు ఎంతో ఉండేది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం అమ్మ బజారు పనికి వెళ్తూ నన్ను ఆయన దగ్గర కూర్చోబెట్టింది. అడ్డపోగు వేసే నాడె ఇటునుంచి అటు పరుగెత్తుతోంది. మగ్గం టకటకమంటోంది. లోపలికి వచ్చేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. చాలాసేపు చూశాక నాకు అర్థమైంది, బట్ట ఒక్క పోగు కూడా పెరగడం లేదు.

"తాతా, బట్ట ఎందుకు పెరుగుతలేదు?" అని మెల్లగా అడిగాను.

ఆయన నాడె తీసి నా చేతిలో పెట్టాడు. దారం చుట్టిన కండె ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"కండె పెట్టొద్దన్నరు బిడ్డా. నేస్తే మగ్గం మీదున్న పడుగు దారం అయిపోతదంట, మల్ల కొత్తది ఎక్కియ్యాలె."

"మరి ఎందుకు కొడుతున్నవ్?"

"సప్పుడుకు. సప్పుడు ఇంటే జనం ఆగుతరంట."

నవ్వుతూనే చెప్పాడు. మళ్లీ మొదలుపెట్టాక మాత్రం నేను ఆయన చేతినే చూశాను. నాడె విసిరిన ప్రతిసారీ ముందుకు వంగి వేలి కొసతో పోగును సర్దుతున్నాడు. మా వాళ్ల నేతలో పువ్వుకు కావలసిన రంగు ముందే దారానికి ఎక్కి ఉంటుంది. పోగు కాస్త జరిగినా పువ్వు చెదురుతుంది కాబట్టి ప్రతి పోగునూ సర్దాలి. అక్కడ పోగే లేదు. ఆ సంగతి ఆయన వేలికి తెలియదు.

నా చూపు గమనించాడేమో, జేబులోంచి ఒక కండె తీశాడు. ఊరి నుంచి తెచ్చుకున్నదట. నాడెలో పెట్టి నేయడం మొదలుపెట్టాడు. మగ్గం నెమ్మదించింది. వేలెడు బట్టలో ఎర్రటి పువ్వు సగం తేలింది. నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను.

అంతలో మేనేజరు వచ్చాడు, గుంటూరు వైపు మనిషి. "ఏంటి పెద్దాయనా ఇది? నేయమని ఎవరు చెప్పారు మీకు? ఓనరు గారు చూస్తే రేపట్నుంచి మనిద్దరం ఇంట్లోనే. తీసేయండి," అంటూ కత్తెర ఇచ్చాడు. తాతయ్య పని పోతే మా ఇల్లు గడవదని ఆ వయసులోనే నాకు తెలుసు.

తాతయ్య కత్తెర ముట్టలేదు. ఒక్కో పోగునూ వెనక్కి తీసి మళ్లీ కండెకు చుట్టాడు. నేయడం కంటే ఎక్కువసేపు పట్టింది.

"కోసి పారెయ్యొచ్చు గద తాతా," అన్నాను.

"నేసినోడు కోస్తడా బిడ్డా," అన్నాడు తలెత్తకుండా. కండె జేబులో పెట్టుకుని ఖాళీ నాడె అందుకున్నాడు.

ఇప్పుడు నేను ఎల్బీ నగర్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. వస్తువులు కొన్నవాళ్లు రాసే ఫిర్యాదులకు కంప్యూటర్‌లో జవాబులు పంపాలి. జవాబులన్నీ ఎవరో ముందే రాసిపెట్టారు, ఏది నొక్కాలో చూసుకోవడమే నా వంతు. ఎవరైనా మరీ బాధపడుతూ రాసినప్పుడు నా వేళ్లు వాటంతటవే ఒక సొంత మాట రాస్తాయి. పంపడానికి వీల్లేదు. ఉద్యోగం మానడానికీ వీల్లేదు. రాసిందంతా ఒక్క మీటతో చెరిపేయవచ్చు. నేను ఒక్కో అక్షరాన్నీ వెనక్కి తీస్తాను.

"ఏందే, గంత నెమ్మదిగ?" అంటుంది పక్క సీటు అమ్మాయి. నవ్వుతాను. చివరి అక్షరం కూడా పోయాక, వాళ్లు రాసిపెట్టిన జవాబే నొక్కుతాను.