కాళ్ళ కుర్చీ

ఆ దుకాణంలో అమ్మకానికి లేని వస్తువు ఒక్కటే, కిటికీ పక్కనున్న పేము కుర్చీ. చేతికర్రలు, నడుము బెల్టులు, మోకాలి పట్టీలు, వేడినీళ్ళ సంచులు, అన్నిటికీ ధర చీటీలుంటాయి. పేము కుర్చీకి ఉండదు. కాళ్ళ బాధకి ఏదైనా ఇమ్మని ఎవరొచ్చినా, కౌంటరు వెనక నిలబడ్డ పెద్దావిడ చెయ్యి దానివైపే చూపిస్తుంది.

"ముందు కూర్చోండి. కొనడం ఎక్కడికీ పోదు."

దుకాణం ఆవిడ తమ్ముడిది. తమ్ముడి భార్య అక్కడే బిల్లులు రాస్తూ ఆవిడని "వదినా" అని పిలుస్తుంది. అది విని విని వీధి వీధంతా అలాగే పిలవడం మొదలుపెట్టింది. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా, ఏమాత్రం నవ్వకుండా, "వదినగారున్నారా?" అంటూ లోపలికొస్తారు.

కొత్తగా ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు మరదలికి ఆ కుర్చీ పేరెత్తితే ఒళ్ళుమంట. ఆమె కామర్సు చదివింది. కొనడానికే వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, కబుర్లు చెప్పి, చివరికి "మీకిదేం అక్కర్లేదు" అని పంపించే వ్యాపారం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"వదినా, మీరు అమ్మడానికి నించున్నారా, అమ్మకుండా ఆపడానికి నించున్నారా?" అంది ఒకసారి.

"రెండూ ఒకటే పనమ్మా. నీకింకా కొత్త," అంది వదిన.

ఇంతలో టీవీలో ఒక ప్రకటన మొదలైంది. మంచం మీద ఒకామె అటూ ఇటూ పొర్లుతుంటుంది. పక్కన భర్త విసుక్కుంటాడు. ఆమె కాళ్ళ కింద ఒక నీలం చాప మెరుస్తుంది, ఇద్దరూ హాయిగా నిద్రపోతారు. "కాళ్ళకి నిలకడ లేదా? అది జబ్బు. దానికి మా దగ్గర జవాబుంది" అంటుంది ఒక తియ్యటి గొంతు. అంతే, ఊళ్ళో ఒక కాలు కదిలితే వంద కంపెనీలు కదిలొచ్చాయి. కరెంటుతో వణికే చాపలు, రాగి తీగ అల్లిన మేజోళ్ళు, అయస్కాంతం పట్టీలు, చల్లటి స్ప్రేలు, పిక్కల్ని పిసికే యంత్రాలు, నీళ్ళలో కలుపుకునే పొడులు. దుకాణంలో ఒక గోడంతా వాటికే సరిపోయింది.

"వదినగారూ, ఇప్పుడు లోకమంతా కాళ్ళ మీదే నడుస్తోంది," అన్నాడు చాపల కంపెనీ ఏజెంటు, మెడలో టై సర్దుకుంటూ.

"ఎప్పుడు తలకిందులుగా నడిచింది నాయనా?" అంది వదిన.

కొన్నాళ్ళు పోయాక గాని కుర్చీ సంగతి మరదలికి అర్థం కాలేదు. ఆ జబ్బున్న కాలు నడుస్తుంటే నిమ్మళంగా ఉంటుంది. కుదురుగా కూర్చుంటేనే దాని గొడవంతా. అందుకే వదిన మనిషిని కూర్చోబెట్టి, తను మాత్రం పెట్టెల మీద దుమ్ము దులుపుతున్నట్టు నటిస్తూ ఓరకంట చూస్తుంది. పిక్క పట్టుకుని మూలిగితే అది నరం పట్టెయ్యడం. చెప్పులు వదిలేసి అమ్మయ్య అంటే అది ఇరుకు చెప్పుల తంటా. అసలు జబ్బున్న మనిషి దారి వేరు. ముందు చీలమండ మెల్లగా తిరుగుతుంది, తర్వాత చెయ్యి మోకాలిని రుద్దుతుంది. ఇంకాసేపటికి లేచి, గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి మహా శ్రద్ధగా చదువుతాడు.

"మందుల కంపెనీ క్యాలెండరు అంత ఇష్టంగా చదివేవాడు లోకంలో ఉండడే," అనేది వదిన, ఆయన వెళ్ళిపోయాక.

అలాంటివాళ్ళని వీధి చివరి డాక్టరమ్మ దగ్గరికి పంపేది. ఒంట్లో ఇనుము తగ్గితే కూడా కాళ్ళు అలా చేస్తాయని, ముందు రక్తం చూడాలని డాక్టరమ్మే చెప్పింది. "చూపించుకుని రండి. అప్పటికీ చాప కావాలంటే నేనే ఇస్తా. అది వణికినంతసేపు హాయిగా ఉంటుంది, జబ్బు మాత్రం దానితో పోదు," అనేది వదిన.

ఇంత ఓపిక ఆవిడకి వాళ్ళమ్మ వల్ల వచ్చింది. నలుగురూ కూర్చున్నచోట ఆ తల్లి కాలు నిలిచేది కాదు. కంచం చేత్తో పట్టుకుని నడుస్తూనే తినేది. కాలు కాలిన పిల్లి అని ఇంట్లోవాళ్ళే పేరుపెట్టారు. కూతురూ అందరితో కలిసి నవ్వింది. ఆ తల్లి ఆ పేరుతోనే బతికి, ఆ పేరుతోనే పోయింది. అది జబ్బని ఎన్నో ఏళ్ళ తర్వాత డాక్టరమ్మ నోట విన్న రోజు వదిన ఇంటికెళ్ళి ఈ పేము కుర్చీని దుకాణానికి మోసుకొచ్చింది. సాయంత్రాలు కాసేపు కూర్చుంటుందని నాన్న అమ్మ కోసం చేయించిన కుర్చీ అది.

"ఒక్కరోజు కూర్చుంటే ఒట్టు," అంది వదిన మరదలితో. "అందుకే ఇంకా ఇంత గట్టిగా ఉంది."

ఆ రోజునుంచి మరదలు కుర్చీని ఏమీ అనలేదు.

గడియారాలు బాగుచేసే ఆయన వచ్చింది ఒక పొద్దున, దుకాణం తలుపులు తీస్తుండగానే. పక్క వీధిలో ఆయనది అద్దాల గూడంత కొట్టు. వణికే చాప కావాలన్నాడు. వదిన కుర్చీ చూపించింది. ఆయన బొమ్మలా కూర్చున్నాడు. కాఫీ ఇస్తే తాగాడు, వాన గురించి మాట్లాడాడు. చీలమండ కదల్లేదు, క్యాలెండరువైపు కన్నెత్తి చూడలేదు.

"మీకు ఆ జబ్బేం లేదండీ," అంది వదిన. "చెప్పులు చూశారా, వేళ్ళు ఎలా నొక్కుకుపోయాయో? అవి మార్చండి. చాప మాత్రం వద్దు, బల్ల కింద పెట్టారంటే మీ గడియారాలు కూడా వణుకుతాయి."

ఆయన నవ్వుతూ వెళ్ళిపోయాడు. మరదలు ఆ సంగతే మర్చిపోయింది.

చాలా నెలల తర్వాత ఆమె చేతి గడియారం ఆగిపోయింది. దుకాణం మూశాక, పొద్దువాలుతుండగా ఆయన కొట్టుకి వెళ్ళింది. బల్ల కాళ్ళ కింద ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, నిలబడి, నడుం వంచి పనిచేస్తున్నాడు.

"అదేమిటండీ, నించుని చేస్తున్నారు?"

"కూర్చుంటే కాలు ఒప్పుకోవడం లేదు చెల్లెమ్మా. దీపాలు పెట్టేవేళకి పిక్కల్లో పురుగులు పాకుతున్నట్టుంటుంది. కాలు విదిలిస్తా, బల్ల అదురుతుంది, ఆవగింజంత మర ఎగిరి ఎక్కడో పడుతుంది. పనంతా సాయంత్రమే వస్తుంది మరి. నించుంటేనేమో చెయ్యి నిలవదు. మా బావమరిది సిమెంటు కొట్లోకి రమ్మంటున్నాడు. నెలాఖరుకి ఇది మూసేస్తున్నా. మీది మాత్రం చేసిస్తాలెండి."

"డాక్టరుకి చూపించుకోలేదా?"

"ఏమని చూపించను? వదినగారు కూర్చోబెట్టి చూసి ఏమీ లేదన్నారుగా. ఆవిడ మాట పొల్లుపోదు. రోగం కాలికి కాదు, నా బుద్ధికే కుదురు లేదనుకున్నా."

ఆయన మాటలో నిష్ఠూరం లేదు. అదే మరదలికి ముల్లులా గుచ్చుకుంది. ఇంటిదారి పట్టాక మరో సంగతి కూడా తోచి సిగ్గేసింది. వదిన ఒక్కసారైనా తప్పులో కాలేస్తే చూడాలని ఆమెకి ఎప్పటినుంచో లోలోపల చిన్న సరదా ఉండేది. ఇప్పుడు ఆ సరదా తీరింది. మింగుడుపడలేదు.

వదిన కూరలు తరుగుతోంది. మరదలు జరిగిందంతా చెప్పింది. వదిన కత్తిపీట పక్కకి జరిపి ఒక్కటే అడిగింది.

"ఏ వేళప్పుడు వస్తుందన్నాడు?"

"దీపాలు పెట్టేవేళకి."

వదిన తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. "సాయంత్రమైతే ఎక్కువవుతుందని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. ఎక్కువ అంటే, పొద్దున కొంచెమైనా ఉంటుందనుకున్నానే నేను. మన కొట్టు చూస్తే చీకటి పడకముందే మూసేస్తాం." తరిగిన ముక్కలవైపు చూసింది. "అమ్మ పొద్దున గడప మీద కుదురుగా కూర్చునే కూరలు తరిగేది. కంచం పట్టుకుని తిరిగేది రాత్రిపూట. కళ్ళెదుట పెరిగినదాన్ని, నాకే కనబడలేదు."

"పోనీ, రేపు ఆయన్ని పిలిపిద్దాం వదినా."

"తప్పుగా చూసినదాన్ని నేను. ఆయనెందుకు రావాలి?"

మర్నాడు సాయంత్రం వదిన, మరదలు చెరోవైపు పట్టుకుని పేము కుర్చీని వీధిలో మోసుకెళ్ళారు. వదిన చెయ్యి చూపించడమే గాని కుర్చీ కదలడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు.

"వదినగారూ, ఇవాళ కుర్చీకే జబ్బు చేసిందా?" అని అరిచాడు పళ్ళ బండాయన.

"లేదయ్యా, నడక నేర్పిస్తున్నా," అంది వదిన.

మరదలికి నవ్వాగలేదు. "అయినా వదినా, ఆయన కొట్లో కుర్చీ లేదా?"

"ఉంటుంది. నేను లేదన్నది ఈ కుర్చీలో కూర్చోబెట్టి. ఇందులోనే చూడాలి."

కొట్టు ముందు కుర్చీ దించారు. గడియారాలాయన కంగారుపడుతూనే కూర్చున్నాడు. లోపల గోడ నిండా గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి. వదిన ఈసారి దుమ్ము దులపలేదు. ఎదురుగా నిలబడి తిన్నగా ఆయన పాదాలవంకే చూసింది. వీధి దీపాలు వెలిగాయి. కాసేపటికి ఆయన కుడి చీలమండ మెల్లగా తిరిగింది. తర్వాత చెయ్యి మోకాలి మీదికి పోయింది. ఆయన "ఏమనుకోకండి" అంటూ లేచి, గోడకి వేలాడుతున్న పటాల దగ్గరికి వెళ్ళి నిలబడి చదవసాగాడు. అవన్నీ ఆయన రక్తదానం చేసినందుకు ఇచ్చిన ప్రశంసాపత్రాలు. తన పేరున్న కాగితాల్నే తను కొత్తగా చదువుకుంటున్నాడు.

"మీ బుద్ధికేం తక్కువ లేదండీ," అంది వదిన. "కుదురు లేనిది కాలికే. పొద్దున చూసి, సాయంత్రం వచ్చేదాన్ని లేదన్నాను. తప్పు నాది."

ఆయన భూతద్దం తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "మీది తప్పని మీరంటుంటే ప్రాణం ఎంత హాయిగా ఉందో వదినగారూ. ఏమనుకోకండేం."

"అనుకోను. కొట్టు మూసి నడవండి, డాక్టరమ్మ ఇంకా ఉంటుంది."

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. ఇనుము అడుక్కి పోయింది. ఎవరు అడిగినా కాదనకుండా ఏళ్ళ తరబడి రక్తం ఇచ్చాడని తెలిసి, కొంతకాలం ఇవ్వడం ఆపమంది. మాత్రలు రాసింది. గుణం కనబడడానికి నెలలు పడుతుంది, తొందరపడొద్దని చెప్పింది. ఆ మాత్రలు దొరికేది మందుల షాపులో.

"అంటే మన దగ్గర ఏమీ కొనలేదు," అన్నాడు తమ్ముడు, అంతా విని. "కుర్చీ మోసిన కూలి కూడా దక్కలేదు."

"చేతికర్ర కొనే వయసొస్తే మన దగ్గరే కొంటాడులే," అంది వదిన.

వదిన అంతటితో ఊరుకోలేదు. పగటిపూట కూర్చోబెట్టి "మీకేం లేదు" అని పంపినవాళ్ళని ఒక్కొక్కరినే గుర్తుచేసుకుని, మరదల్ని వెంటబెట్టుకుని ఇళ్ళకి వెళ్ళింది. "సాయంత్రం ఒకసారి వచ్చి కూర్చోండి, నేను సరిగ్గా చూడలేదు," అని అడిగింది. ఒకరు నవ్వారు. ఒకరు వేరే దుకాణంలో చాప కొనుక్కుని సుఖంగా ఉన్నారు. "హాయిగా ఉంటే వాడుకోండి, కాకపోతే రక్తం కూడా ఒకసారి చూపించుకోండి," అంది. ఒకావిడ మాత్రం "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అని తలుపు సగంలోనే మూసింది. వదిన ఆ మూసిన తలుపు ముందు కూడా చెప్పవలసిన మాట చెప్పే వచ్చింది.

"ఇంటింటికీ వెళ్ళి తప్పయిందంటే కొట్టు మునుగుతుందండీ," అన్నాడు ఏజెంటు. దుకాణం మునగలేదు. దీపాలు పెట్టాక కూడా తెరిచి ఉంచడం మాత్రం మొదలైంది. మరదలు బిల్లులు రాస్తూ తనూ ఓరకంట కుర్చీవైపు చూడడం నేర్చుకుంది.

నెలాఖరు వచ్చింది. సిమెంటు కొట్టు బావమరిది వచ్చి తొందరపెట్టాడు. గడియారాలాయన ఇంకొన్నాళ్ళు గడువడిగాడు. ఇంకో నెల గడిచినా వాళ్ళకి కబురేమీ రాలేదు. వదిన అడగలేదు గాని, ఆ వీధిలోంచి ఎవరొచ్చినా ఆవిడ చెవులు అటే ఉండేవి.

ఒక సాయంత్రం దుకాణం మూశాక ఆవిడ ఇంటివైపు కాకుండా పక్క వీధిలోకి తిరిగింది. మరదలు ఏమీ అడక్కుండా వెంట నడిచింది. కొట్లో దీపం వెలుగుతోంది. బల్ల కింద ఇటుకలు లేవు. ఆయన కంటికి భూతద్దంతో, బల్ల మీదికి వంగి, కూర్చుని ఉన్నాడు.

మరదలు ఆయన చేతులవంక చూసింది. వదిన మాత్రం వీధిలోనే నడుం వంచి, బల్ల కిందికి చూసింది. రెండు పాదాలూ ఒకదాని పక్కన ఒకటి, కునుకు తీస్తున్న పిల్లుల్లా ఉన్నాయి.

"రండి వదినా, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"ఉండవే," అంది వదిన, చూపు మరల్చకుండా. "ఇంకాస్సేపు చూడనీ."