కొండకు రెండు కర్రలు

మా అక్కను బజారంతా గూడ్సుబండి అంటారు. మెల్లగా కదులుతుంది, కదిలిందంటే ఆగదు. మాది మాంసం కొట్టు. మేడ మీద ఇల్లు, కింద కొట్టు. అక్క చిన్నప్పటి నుంచి చేసిన ప్రయాణమంతా ఆ మెట్లు దిగి మొద్దు ముందు నిలబడటమే. నరకడం ఆమె పని, రంపం మిషను మీద ఎముకలు కోయడం నా పని, గల్లాపెట్టె ముందు కుర్చీలో కూర్చుని మమ్మల్ని కొట్టడం నాన్న పని. ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి, చేతికర్ర లేకుండా అడుగు వేయలేడు. ఆ కర్ర మాత్రం మా దాకా బాగానే వచ్చేది. మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకోవడం మేమిద్దరం మాటలకంటే ముందే నేర్చుకున్నాం.

అలాంటి అక్క ఒకరోజు, కొండల మీదుగా సముద్రం దాకా నెల రోజుల నడకకు పేరు ఇచ్చి వచ్చింది. వానలు వెలిశాక ఒక బృందం బయలుదేరుతుందట.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నాను.

"ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పొద్దున లేచి నరకాల్సింది ఏమీ లేకుండా ఉండాలే" అంది.

కొండ ఎక్కేవాళ్ళు పట్టుకునే కర్రలు రెండు కొనుక్కుంది. బరువు మోయడం అలవాటవ్వాలని కొట్లో మిగిలిన ఎముకలు వీపు సంచిలో కుక్కుకుని, రోజూ తెల్లవారుజామునే నడక సాధన మొదలుపెట్టింది. వీధికుక్కలన్నీ ఆమె వెనక ఊరేగింపుగా వచ్చేవి. నవ్వలేక చచ్చేదాన్ని.

ఒకరోజు ఆలస్యమైంది. కొట్టు నిండా జనం. అక్క గుమ్మంలో అడుగు పెట్టగానే నాన్న కర్ర తిప్పి మోకాలి కింద ఎముక మీద ఒక్కటిచ్చాడు. ఆ చప్పుడు మిషను మోతలో కూడా నాకు వినిపించింది. అక్క కత్తి అందుకుని పనిలోకి దిగింది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక, బొటనవేలితో కాలు నొక్కి చూసుకుంది.

"విరగలేదు."

"ఆస్పత్రికి పోదాం పద."

"ఊహ తెలిసినప్పట్నుంచి ఎముకలు నరుకుతున్నా. విరిగిందో లేదో నాకు తెలీదూ?"

చచ్చిన ఎముక గురించి ఆమెకు తెలియనిది లేదు నిజమే. బతికున్న ఎముక మీద మాత్రం అదే సంచి మోసుకుంటూ రోజూ నడిచింది. కాలు వాస్తే గుడ్డ బిగించి కట్టుకుంది. చివరికి రైలు వంతెన మెట్ల మీద ఆ కాలు ఫట్‌మని విరిగి, అక్క సంచితో సహా కిందికి దొర్లింది. కబురొచ్చి నేను పరుగెత్తేసరికి మెట్ల నిండా ఎముకలు, వాటి కోసం ఒకదాన్నొకటి చీల్చుకుంటున్న కుక్కలు, మధ్యలో నోట్లో పిడికిలి కుక్కుకుని అరుపు మింగుతున్న అక్క.

"మొదట పగులే అయి ఉంటుందమ్మా. అప్పుడే వచ్చుంటే మానేది, బరువులు మోసి విరగ్గొట్టుకున్నావు. అసలా దెబ్బ ఎలా తగిలింది?" అంది డాక్టరమ్మ.

"గడప తగిలింది" అంది అక్క.

బృందం ఆమె లేకుండానే వెళ్ళిపోయింది. అదే రోజు అక్క కట్టుకాలితో, కొండ కర్రలే ఊతంగా మెట్లు దిగి కొట్లోకి వచ్చింది. నాన్న నవ్వాడు.

"తిక్క కుదిరిందా? ఇక మూల కూర్చుని నరుకు."

"ఈ కాలు విరగ్గొట్టింది నువ్వు" అంది అక్క. ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

కర్ర లేచింది. సరిగ్గా ఆ కట్టు మీదికే.

ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. కర్ర మధ్యలో పట్టుకుని లాగాను. ఆయన వదల్లేదు. కర్రతో పాటు ఆయన్నీ ఈడ్చుకొచ్చి మిషను బల్లకేసి కొట్టాను. పెదవి చిట్లి, ఆయన రక్తం బల్ల మీది రక్తంలో కలిసింది. తిరుగుతున్న రంపంలోకి కర్రను తోశాను. రంపానికి కర్రైనా ఎముకైనా ఒకటే. ముక్కలు ఎగిరి పడుతున్నాయి, పట్టు వదలని ఆయన చెయ్యి రంపం పళ్ళ దగ్గరికి వస్తోంది. నేను ఆగలేదు. దాపరికమెందుకు, ఆ మణికట్టు పట్టుకుని తోసింది నేనే.

చెయ్యి తెగేలోపే మిషను ఆగిపోయింది. అక్క ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి వైరు పీకేసి, నా చెంప పగలగొట్టింది.

"ఎవర్ని చూసి నేర్చుకున్నావే ఇది? ఈయన్ని చూసేగా!"

నాన్న నేల మీద కూలబడి, లేవలేక చేతులతో తడుముకుంటున్నాడు. అక్క తన కర్రల్లో ఒకటి ఆయన ముందుకు విసిరింది.

"ఇది నడవడానికే. మా మీదికి ఎత్తావో, ఈసారి మిషను నేను ఆపను."

ఏడాది తిరిగింది. ఎముకల సంచితో, కుక్కలతో అక్క మళ్ళీ నడుస్తోంది. వానలు తగ్గుముఖం పట్టాయి. బృందం మళ్ళీ బయలుదేరుతోంది, ఈసారి అక్క కూడా.

"కొండ దిగేటప్పుడు ఈ కాలికి రెండు కర్రలూ కావాలే. పోయి ఆ రెండోది అడుగు" అంది.

నాన్న కర్ర ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో ఉన్నాడు. చెయ్యి చాపుతూ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఉలిక్కిపడి, మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

చాపిన చెయ్యి ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

"ఇచ్చాడా?" అంది అక్క.

"కొత్తది కొందాం పద" అన్నాను.