భోగ్ పెట్టే చెయ్యి

ద్వాళి మోచేతుల పైన గాజులు ఎన్నడూ వేసుకోలేదు. లంబాడీల్లో పెళ్లయిన ఆడదే ఆ గాజులు వేసుకోవాలి. మానుకోట దగ్గరి తండాలో ఆమెకు ఇల్లుంది, ఎద్దుల జత ఉంది, హన్మంతు అనే కొడుకున్నాడు. మొగుడు మాత్రం లేడు. వయసులో ఉన్నప్పుడు దేవరుప్పుల వైపు ఒక దొర పొలాలకు కూలికి పోయి, కడుపుతో తిరిగొచ్చింది.

ఆమె తండ్రి దేవ్యా తండాకు భగత్. లంబాడీల దేవుడు సేవాభాయా పూజలన్నీ ఆయన చేతి మీదే జరిగేవి. పెద్దలు వెలి మాట ఎత్తకముందే ఆయన మేకను కోసి, తండాకంతా తిండి పెట్టి, "పిల్లగాడు నా ఇంట్ల పుట్టిండు, నా గోత్రపోడు. ఎవ్వలకన్న ఏమన్న ఉంటే నాతోని మాట్లాడున్రి" అన్నాడు. వెలి మాట అక్కడితో ఆగిపోయింది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ లొల్లికి బళ్లు మూతపడ్డాయి. జనగామ హాస్టల్లో ఉన్న హన్మంతు ఇంటికొచ్చి తాత పక్కన కూర్చున్నాడు. బళ్లు తెరిచినా మళ్లీ పోలేదు. దేవ్యా పోయాక ఆ చోటు మనవడిదే అయింది. అతను గొంతెత్తితే పక్క తండాల వాళ్లు బండ్లు కట్టుకుని వచ్చేవారు. తెలుగువాళ్లూ వచ్చేవారు.

నిప్పుల మీద నెయ్యీ బెల్లపు పాయసమూ వేసి సేవాభాయాకు పెట్టే నైవేద్యమే భోగ్. అది పెట్టేవాడు ముందుగా తన తండ్రితాతల పేర్లు పైకి చెప్పాలి. హన్మంతు దేవ్యా పేరుతో మొదలుపెట్టి, ఆయన తండ్రి, ఆయన తాత, అట్లా పైకి పోయేవాడు. ఆడవాళ్ల వరుసలో ద్వాళి ఊపిరి బిగబట్టి వినేది. చివరి పేరు దాటాకే వదిలేది.

లంబాడీలను గిరిజనుల్లో చేర్చిన మరుసటేడు ముసలం పుట్టింది. ఆ దేవరుప్పుల దొర ఇంటి ప్రతాప్ రావు ఓట్లడగడానికి జీపులో తండాకొచ్చాడు. భోగ్ దగ్గర అంత జనాన్ని చూసి పొంగిపోయి మైకు అందుకున్నాడు.

"హన్మంతు మాకు పరాయోడు కాదు! చనిపోయిన మా ప్రభాకర్ చిన్నాయిన రక్తం. గందుకే మొఖంల గంత కళ!"

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఇన్నేళ్లు గుసగుసగా నలిగిన మాట మైకులోకెక్కింది. ఆ తర్వాత మానుకోట చాయ్ హోటళ్లలో అదే పంచాయితీ.

"ముక్కు చూడలే? గడీల దొరల ముక్కే."

"ముక్కు పాడుతదారా? గొంతు తాతది."

"నువ్వు గట్లనే అను. దొర కొడుకు మనకు భగత్ అంటే, రేపు ఆఫీసోళ్లు మనం లంబాడోళ్లమే కాదంటరు."

తండాల పెద్దలంతా కూడాలని నిశ్చయమైంది. తండా నాయక్ సోమ్లా మెత్తని మనిషి. ముందే ద్వాళిని పక్కకు పిలిచాడు.

"ద్వాళీ, నా తమ్ముడు సచ్చిపోయె గదా. నిప్పుల మీద చెయ్యి చాపి, పిల్లగాడు వానికే పుట్టిండని చెప్పు. సచ్చినోడు కాదంటడా? హన్మంతు జాగ హన్మంతుకు నిలుస్తది."

ద్వాళి సరేనంది. అందరి ముందూ చెయ్యి చాపింది కూడా. పేరు నాలుక మీదికొచ్చింది. అప్పుడు హన్మంతు లేచి తల్లి మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు యాడీ. సేవాభాయా నిప్పుల మీద అబద్ధమాడి నన్ను నిలబెడతవా?"

"నీ కోసమేరా!"

"నా కోసమే వద్దంటున్న, అమ్మా."

ద్వాళి పెద్దల వైపు తిరిగింది. "మా బా దేవ్యా పేరు జెప్పి వీడు ఇన్నేండ్లు నెయ్యి పోసిండు. ఒక్కనాడన్న మంట లేవకుంట ఉన్నదా? జర మీరే చెప్పున్రి."

పెద్దలు తలలు దించుకునే తీర్పు చెప్పారు. హన్మంతు పాడొచ్చు, భోగ్ పెట్టే చెయ్యి మాత్రం వేరొకరిది.

"నా గొంతు మీదే గానీ నా చెయ్యి మీది కాదంటున్రు" అని హన్మంతు నవ్వాడు. అతను ఏడ్చినా ద్వాళి తట్టుకునేది. ఆ నవ్వు తట్టుకోలేకపోయింది.

గడీ ముందు గుడి కట్టిస్తా, వచ్చి ఉండమని ప్రతాప్ రావు మనిషిని పంపాడు. హన్మంతు ఆ మనిషికి నీళ్లిచ్చి సాగనంపాడు. ఆ ఎండాకాలమే భూపాలపల్లి అడవిలో కట్టె కొట్టే పనికి పోయాడు. మళ్లీ తండాలో కాపురం పెట్టలేదు.

పంటలు ఇంటికొచ్చాక ద్వాళి పోయి కొడుకును చూసి వచ్చేది. ఎనభైల్లో ఒకసారి ఆమె పోయిననాడే కూలీల గుడిసెల మధ్య భోగ్ పెట్టారు. అందరూ ఎక్కడెక్కడి తండాలవాళ్లో, అతని సంగతి ఎరగరు. హన్మంతు అందరి వెనకా కూర్చుని తాళం వేస్తున్నాడు. పాడే మనిషికి నడిమిట్లో పాట మరపుకొచ్చింది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ద్వాళి కొడుకు పెదవుల వంక చూసింది. అవి కదలలేదు.

పక్కన కూర్చున్న కాళి అనే కూలిపిల్ల ఆమెను మోచేత్తో పొడిచింది. "నీ కొడుకు మంచిగ తాళమేస్తడు గదా యాడీ. పాటలు రావా?"

"రావు బిడ్డా" అంది ద్వాళి. "మా ఇంట్ల ఎవ్వలకూ రావు."