ఉదాహరణకి రాసిన నంబరు

తూ పావ్‌చూకి యాభై నాలుగేళ్లు. కాంగ్‌షాన్‌లో స్క్రూలు తయారుచేసే ఫ్యాక్టరీ ఆఫీసులో పని. చదివింది కామర్సు స్కూలు, అదీ టైపు కోసం. ఫ్యాక్టరీకి మొదటి కంప్యూటర్లు వచ్చిన రోజుల్లో టైపు వచ్చిన మనిషి ఆమె ఒక్కతే కాబట్టి వాటి వైర్లూ, వాటి రోగాలూ ఆమె నెత్తినే పడ్డాయి. అలా పడ్డ పనిలోంచే ఒక ఇష్టం పుట్టింది. నల్ల తెర మీద అక్షరాలు కొట్టి నడిపే స్కానర్ ప్రోగ్రాము ఒకటుంది. దానికి ఒక ఇంటర్నెట్ లైను నంబరు ఇస్తే, ఆ నంబరు వెనకున్న మిషను తలుపులన్నీ తట్టి, ఏది తెరిచుందో ఏది మూసుందో చెబుతుంది. ఒకరి మొహం ఒకరు చూడని ఓ ఇరవై మంది ఖాళీ వేళల్లో చేసి ఊరికే పంచిపెట్టే సరుకు అది. దాని మాన్యువల్‌ని చైనీసులో రాసి, పదకొండేళ్లుగా సరిదిద్దుతూ వస్తున్నది పావ్‌చూ.

ఆమెకొక పట్టుంది. తను కొట్టి చూడని కమాండు మాన్యువల్లో రాయదు. వేరేవాళ్లు పంపిన పేరాలో నడిపి చూడకుండా రాసిన ముక్క కనిపిస్తే, అన్నంలో వెంట్రుక వచ్చినట్టుండేది ఆమెకి. "కొట్టి చూశావా నాయనా?" అని ఒక్క వాక్యం రాసి తిప్పి పంపేది. చాలామంది మళ్లీ రాలేదు. పీడా పోయిందనుకునేది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం డబ్బా భోజనం మూత తీస్తుంటే ఫోను మోగింది.

"మాన్యువల్ రాసే తూ పావ్‌చూ మీరేనా?" పెద్దాయన గొంతు. నోట్లో వక్క ఉన్నట్టుంది.

"నేనే. ఎవరండీ?"

"నా పేరు పాన్ చిన్‌షూయ్. మిత్వోలో పాలబొంత చేపల చెరువులు నావి. మా లైను నంబరు మీ పుస్తకంలో ఎందుకుందమ్మా?"

"ఏ నంబరు?"

ఆయన ఒక్కో అంకె విడివిడిగా చదివాడు. సగం వినేసరికే ఆమె చేతిలో అన్నం తినే పుల్లలు ఆగిపోయాయి. మిగతా సగం ఆమెకి నోటికొచ్చు.

ఉదాహరణల కోసమని ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టిన నంబర్లు కొన్నున్నాయి. మాన్యువల్ రాసేవాళ్లు అవే వాడాలి. కానీ అవి చచ్చిన నంబర్లు, ఎంత తట్టినా పలకవు. కొట్టి చూడనిది రాయని పావ్‌చూకి అవి నచ్చలేదు. పలికే నంబరే కావాలని పదకొండేళ్ల కిందట తమ ఫ్యాక్టరీ నంబరు పెట్టింది. మా మిషను, మా తలుపులు, ఎవడేమంటాడు అనుకుంది. మూడు తలుపులు తెరిచి ఉన్నట్టు తెర మీద ముచ్చటగా వచ్చింది. నాలుగేళ్ల కిందట ఫ్యాక్టరీ లైను మార్చింది. పాత నంబరు లైను కంపెనీకి తిరిగిపోయింది, కంపెనీ దాన్ని ఈమధ్యే ఇంకొకరికిచ్చింది. పావ్‌చూకి ఆ పేజీ గుర్తే రాలేదు.

"మంగళవారం పొద్దున పదింటికి మా ఏరియేటర్లు, అదే, చెరువు నీళ్లకి గాలి కొట్టే చక్రాలు, ఆగిపోతున్నాయమ్మా," అన్నాడు చిన్‌షూయ్. "అయిదు వారాల్నుంచి. గోడ క్యాలెండర్లో సున్నాలు చుట్టాను. వాటిని నడిపే పెట్టె మొద్దుబారిపోతుంది. ఆపి మళ్లీ వేస్తే గానీ లేవదు. మబ్బు పట్టిన రోజున మూడో చెరువులో సగం చేపలు తేలిపోయాయి. లైను బాగుచేసేవాడు పెట్టెలోంచి ఎవరెప్పుడు తట్టారో చెప్పే పట్టీ ఒకటి తీశాడు. మా నంబరు కంప్యూటర్లో కొడితే మీ పుస్తకం వచ్చింది."

"ఆ పట్టీ ఫోటో తీసి పంపుతారా, అన్నా?"

ఫోటో వచ్చింది. ఒకే కాలేజీ నుంచి, పది దాటాక, నిమిషం తేడాలో నలభై మూడు మంది తట్టారు. ఒకరిద్దరు తడితే పాత పెట్టె తట్టుకుంటుంది. నలభై మూడు మంది ఒక్కసారి మీద పడితే నోరు తెరుచుకుని కూర్చుంటుంది. మంగళవారం పది గంటలంటే ఏముంది, క్లాసు! మాస్టారు తెర మీద ఉదాహరణ చూపిస్తాడు, పిల్లలు ఉన్నదున్నట్టు కొడతారు. ఆ ఉదాహరణ పైనే ఆమె రాసింది, 'ఈ నంబరు తీసి మీ సొంత మిషను నంబరు వేయండి' అని. ఒక్కడు కూడా చదవలేదు. ఛీ, ఏం చదువులివి!

పది నిమిషాల్లో పేజీ మార్చింది. అన్నం చల్లారిపోయింది, తినబుద్ధి కాలేదు.

ఆదివారం స్కూటర్ మీద మిత్వో వెళ్లింది. చెరువు గట్టు మీద మేత కంపు గుప్పుమంది. చిన్‌షూయ్ ఆమెని పైనుంచి కింది దాకా చూశాడు.

"పుస్తకం రాసిందంటే కళ్లజోడు మాస్టారమ్మ అనుకున్నాను. మా వదిన లాగున్నావు."

"ఈ పెట్టెకి లైను పీకేస్తే సరిపోతుంది అన్నా. ఏరియేటర్లు వాటంతటవి తిరుగుతాయి. కొత్త నంబరు కోసం లైను కంపెనీకి అర్జీ పెడదాం."

"పెట్టాను. రెండు వారాలన్నారు. ఇక లైను పీకితే నా కళ్లు పీకినట్టే. మంగళ, గురు, శనివారాలు మా ఆవిడకి డయాలసిస్. పొద్దున వెళితే మధ్యాహ్నం దాకా ఆసుపత్రిలోనే. చెరువులు ఈ లైను మీదే ఫోన్లో చూసుకుంటాను. కరెంటు పోయిందనుకో, గంటలో మొత్తం తేలిపోతాయి. వలేసేది వచ్చే నెల."

"పక్క చెరువు ఎవరిది? వాళ్లని ఓ కన్నేసి ఉంచమంటే?"

చిన్‌షూయ్ వక్క ఉమ్మేశాడు. "మా తమ్ముడిది. చిన్‌థూ. గట్టు విషయంలో మాకో చిన్న గొడవుంది. ఏరియేటర్లు ఆగాయంటే వాడే వచ్చి స్విచ్చు నొక్కుతున్నాడనుకున్నాను. నలుగురిలో దొంగా అన్నాను. నెలయింది మాటల్లేక."

"మీ తమ్ముడు కాదన్నా. నా పుస్తకం చూసి కాలేజీ పిల్లలు తడుతున్నారు," అని జరిగిందంతా చెప్పింది పావ్‌చూ.

సోమవారం కాలేజీకి ఫోన్ చేసి ఆ క్లాసు చెప్పే ఫూ మాస్టార్ని పట్టుకుంది. ఆయన నెమ్మదిగా, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మాన్యువల్లో మీరు రాశారు, నేను చెబుతున్నాను. ఇందులో నా తప్పేముందండీ?"

"తప్పు నాదే మాస్టారూ. పేజీ మార్చేశాను. మీ తెర మీద కూడా మార్చండి. రేపు పదింటిలోపు."

"సెమిస్టర్ మధ్యలో పాఠం మార్చాలంటే డిపార్టుమెంటుకి కాగితం పెట్టాలి."

"ఒక్క నంబరండీ!"

"నంబరైనా పాఠంలో భాగమే కదా. అయినా పిల్లలు తడితే పడిపోయే పెట్టె పెట్టుకోవడం ఆయన తప్పు కాదూ?"

"పోనీ, ఆ నంబరు పైన నేను రాసిన వాక్యం ఏమైంది?"

"స్లయిడులో చోటు చాల్లేదు."

పావ్‌చూ ఫోన్ పెట్టేసి చేతులు కడుక్కుంది. ఏమీ అంటలేదు, అయినా సబ్బు పెట్టి కడుక్కుంది. ఆరేళ్లుగా అదే స్లయిడు, అదే నంబరు. ఆ నంబరు ఎవరిదని ఒక్కసారైనా అనుమానం రాలేదు ఆ మనిషికి. అసలు మనిషేనా అనుకుంది. మరుక్షణమే ఇంకోటి గుర్తొచ్చింది. ఆరేళ్లు ఆయన చూడలేదు, నాలుగేళ్లు తనూ చూడలేదు. కొట్టి చూశావా నాయనా అని ఊరందర్నీ అడిగిన మనిషి తన ఉదాహరణ తను మళ్లీ కొట్టి చూసుకోలేదు. ఆ రోత మాత్రం సబ్బుకి పోలేదు.

మంగళవారం సెలవు పెట్టి, చిన్‌షూయ్ ఆసుపత్రికి బయల్దేరకముందే గట్టు మీదికి వచ్చేసింది. పెట్టె లైను పీకి తన ల్యాప్‌టాప్‌కి తగిలించింది. తట్టేవాళ్లు ఇప్పుడు పెట్టెని కాదు, ఆమెని తడతారు. స్కానర్‌కో అలవాటుంది. తట్టిన తలుపు వెనకనుంచి పలకరింపు వస్తే, దాన్ని తట్టినవాడి తెర మీద చూపిస్తుంది. దాని కోసం పావ్‌చూ నాలుగు వాక్యాలు రాసి, ఇంట్లోనే రెండుసార్లు కొట్టి చూసుకుని వచ్చింది.

తొమ్మిదిన్నరకి పక్క గట్టు మీంచి ఒకాయన రబ్బరు బూట్లు టపటపలాడించుకుంటూ వచ్చాడు. మొహం అచ్చం అన్న మొహమే.

"ఎవరమ్మా నువ్వు? మా అన్న పెట్టె దగ్గర నీకేం పని? నువ్వు ముట్టుకున్నా నామీదకే వస్తుంది."

"మీరు చిన్‌థూ కదూ? కూర్చోండి. ఏరియేటర్లు ఆపే దొంగెవరో చూపిస్తాను."

"ఎక్కడ?"

"ఇదుగో, నేనే."

ఆయన నవ్వలేదు. పావ్‌చూ మొత్తం చెప్పింది, ఏదీ దాచలేదు.

"అంటే నువ్వు పుస్తకంలో రాస్తే, ఎక్కడో పిల్లలు చదివితే, ఇక్కడ నేను దొంగనయ్యానన్నమాట."

"చదివుంటే ఇంత దాకా వచ్చేది కాదు. చదవలేదు కాబట్టే వచ్చింది."

"మా అన్నకి తెలుసా ఇదంతా?"

"తెలుసు. మొన్ననే చెప్పాను."

"తెలిసి కూడా నా దగ్గరికి రాలేదు, చూశావా! ముసలి దున్న." తిట్టాడు గానీ అక్కడే గట్టు మీద చతికిలబడ్డాడు. ఫ్లాస్కులోంచి బార్లీ టీ మూతలో పోసి ఆమెకిచ్చాడు.

పది దాటి పన్నెండు నిమిషాలకి తెర కదిలింది. ఒకటి, మూడు, ఎనిమిది. చూస్తుండగానే నలభై మూడు. మాస్టారు ఏమీ మార్చలేదు. వెనక ఏరియేటర్లు మాత్రం నీళ్లు చిమ్ముతూ తిరుగుతూనే ఉన్నాయి.

అక్కడ క్లాసులో నలభై మూడు తెరల మీద ఒకే పలకరింపు వచ్చి ఉంటుంది: 'ఇది మిత్వోలో పాలబొంతల చెరువు. మీరు తట్టినప్పుడల్లా ఇక్కడ చేపలకి గాలి ఆగిపోతోంది. ఈ నంబరు మీది కాదు. మీ సొంత మిషను నంబరు వేసుకోండి. — మాన్యువల్ రాసినామె.'

తట్టడం ఆగింది. పావ్‌చూ ఊపిరి పీల్చుకుంది. అయిదు నిమిషాల తరవాత ఆరుగురు మళ్లీ తట్టారు. అదే నంబరు, అదే కమాండు.

"ఇదేంటి మళ్లీ?" అన్నాడు చిన్‌థూ.

"చదవలేదు వెధవలు. తెర మీద ఇంతంత అక్షరాలు కనిపిస్తున్నా చదవలేదు!"

ఆయనకి నవ్వాగలేదు. అప్పుడే ఆమె ఫోను మోగింది. ఫూ మాస్టారు. ఈసారి మర్యాద కాస్త తగ్గింది.

"పిల్లల ముందు నా పరువు తీశారండీ మీరు!"

"చదివారా మాస్టారూ? మొత్తం నాలుగు వాక్యాలూ?"

"చదివాను."

"సంతోషం. మొదటిసారి చదివారు. ఇప్పుడు నంబరు తీసేయండి, కాగితం తరవాత పెట్టుకుందురు గానీ."

మధ్యాహ్నం చిన్‌షూయ్ భార్యని ఇంట్లో దింపి గట్టు మీదికి వచ్చాడు. తన పెట్టె పక్కన తమ్ముడు టీ తాగుతూ కనిపించాడు.

"ఎన్ని తేలాయి?" అని అడిగాడు చిన్‌షూయ్, చెరువుకేసి చూస్తూ.

"ఒక్కటీ లేదు," అన్నాడు చిన్‌థూ. "దొంగ దగ్గరుండి కాపలా కాశాడు."

"సరేలే. గురువారం..." అని ఆగిపోయాడు చిన్‌షూయ్.

"గురువారం నేను చూస్తాలే. ఈవిడకి ఉద్యోగం ఉండదా ఏంటి? ఆ వైరు ఎలా పీకాలో చూపించమ్మా అక్కా."

ఆయనకి చూపించి, మేత కంపు బట్టలకి పట్టించుకుని ఇల్లు చేరింది పావ్‌చూ. శుక్రవారం హడావిడిగా మార్చిన పేజీ మళ్లీ తెరిచింది. అప్పుడు చచ్చిన నంబరు వేసింది గానీ కొట్టి చూడలేదు. ఇప్పుడు కొట్టింది. తెర చాలాసేపు ఖాళీగా ఉండి, జవాబు లేదంది. మూడు తలుపుల ముచ్చటంతా పోయింది. కింద ఒక వాక్యం చేర్చింది: 'దీనికి ఏ జవాబూ రాదు. రాకూడదు.'

మర్నాడు పొద్దున ఎవరో పాఠకుడి ఉత్తరం వచ్చింది. 'మేడమ్, మీ కొత్త ఉదాహరణ పనిచేయడం లేదు. పాతది బాగుండేది. దయచేసి సరిచేయండి.'

పావ్‌చూ దాన్ని రెండుసార్లు చదివింది. ఛీ అంది. తరవాత కూర్చుని జవాబు రాసింది: 'కింది వాక్యం చదవండి.'