తిప్పి గీసిన బొమ్మలు

ఇన్నేళ్లుగా మోస్తున్న ఈ భయం మొదట ఎప్పుడు పట్టుకుందో నాకు బాగా గుర్తు. పాపకు జడ అల్లుతున్నాను. నా బొమ్మల పుస్తకం వేసిన హైదరాబాద్ ప్రచురణకర్త ఫోన్ చేశారు.

“కోరుట్ల నుంచి ఒక పెద్దాయన బొమ్మలు పంపారమ్మా. అచ్చం మీ పుస్తకంలోవే. కాకపోతే కుడి ఎడమలు మారాయి. ఆయన మీకు తెలుసా?”

అల్లిన జడ చేతిలోనే విడిపోయింది.

“తెల్వది సార్,” అన్నాను. అక్కడితో ఆగలేదు. “నా బుక్ చూసి ఏసిండేమో.”

ఆ పెద్దాయన నాకు తెలుసు. కోరుట్లలో మా బడి డ్రాయింగ్ సారు. పాత బాలల పత్రికలు తెచ్చి, గొప్ప చిత్రకారుల బొమ్మలు మా ముందు పరిచేవారు. “కండ్ల నిండ చూడుండ్రి. ఇగ బుక్కు మూసుండ్రి. బజార్లకు పోయి, గాడ కనవడ్డోళ్లను ఏసుకొని రాండ్రి,” అనేవారు. పుస్తకం మూశాక వేస్తేనే అది నీ బొమ్మ. ఆయన లెక్క అంతే.

పెళ్లయి సిరిసిల్ల వచ్చాక, ఒక పిల్లల కథకు బొమ్మలు వేసే పని దొరికింది. ఆ కథలో తండ్రి గల్ఫ్‌కు పోతాడు, తల్లి బీడీలు చుట్టి పిల్లలను సాకుతుంది. సలహా కోసం వెళ్తే, సారు తాను వయసులో ఉన్నప్పుడు వేసిన బొమ్మల కట్ట నా చేతిలో పెట్టారు. గల్ఫ్‌కని బొంబాయి బస్సెక్కే మగవాళ్లు, ఒళ్లో బీడీల చాటలతో ఆడవాళ్లు. “చూసి ఇచ్చెయ్యి బిడ్డా,” అన్నారు.

సరిగ్గా అప్పుడే దుబాయిలో మా ఆయన కంపెనీ మూతపడింది. జీతం లేదు, పాస్‌పోర్టు చేతికి రాలేదు, ఆయన ఉండే కూలీల క్యాంపు నుంచి ఫోను ఎప్పుడొస్తుందో తెలియదు. కాగితం ముందు కూర్చున్నా ఒక్క బొమ్మా పూర్తయ్యేది కాదు. ఇది సాకా? సాకే. భయంలో ఉన్నవాళ్లందరూ దొంగతనం చేయరు. సారు బొమ్మలను బోర్లా కిటికీ అద్దానికి ఆనించి, పైన కాగితం పెట్టి దించి, కట్ట ఆయనకు వాపసు ఇచ్చేశాను. పెద్దవాళ్ల నుంచి ప్రేరణ పొందనివాళ్లు ఎవరుంటారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ప్రేరణే అయితే తిప్పి గీయడం దేనికి? ఎవరూ పోల్చుకోకూడదనే కదా?

నా పేరుతో అచ్చయిన పుస్తకం చూసి మా ఇంటి ఓనరు లక్ష్మక్క పగలబడి నవ్వింది. “ఏందే, నీ బుక్కుల ఆడోళ్లందరు ఎడమచేతోళ్లేనా? గిట్ల ఆకు కత్తిరిస్తె ఇగ బీడీలు చుట్టినట్లే!” నేనూ నవ్వాను. బొమ్మలు తిప్పితే కత్తెర కూడా చెయ్యి మారుతుందని నాకు తట్టలేదు.

ప్రచురణకర్త నా మాట నమ్మి, ఇవి నా పుస్తకం చూసి వేసినవని దాని పేరు రాసి మరీ సారు బొమ్మలు ఆయనకు వాపసు పంపారు. అంటే సారుకు అంతా తెలుసు. ఆ తర్వాత ఒకసారి కోరుట్ల బస్టాండులో ఎదురయ్యారు. “మీ ఆయన వచ్చిండా బిడ్డా? పిల్లలు మంచిగున్నరా?” అన్నారు. బొమ్మల మాట ఎత్తలేదు. బస్సు రాగానే ఎక్కేశాను. ఇప్పుడు ఆయన కుంచె ముట్టడం లేదని విన్నాను. వయసు వల్లే అని నమ్మడానికి చాలా ప్రయత్నించాను.

నిన్న పాప బడి నుంచి వస్తూనే, “బొమ్మలు ఎట్ల ఎయ్యాల్నో నువ్వు మా బడికొచ్చి చెప్పాల్నంట, టీచర్ అన్నది,” అంటూ ఎగిరింది. రాత్రి ఆ పుస్తకం తీసి, అట్ట మీద నా పేరు చూస్తూ కూర్చున్నాను.

ఈ పొద్దున పాపనూ బాబునూ కూర్చోబెట్టి చెప్పేశాను. క్షమించమని ఎవరినీ అడగను. ఇన్నాళ్లకు నోరు తెరిచాను, అంతే.

“గా బుక్కుల బొమ్మలు నావి కావు. కోరుట్లల మా డ్రాయింగ్ సారువి. నేను దించుకున్న. అడిగితె, ఆయన్నే దొంగను చేసిన.”

“మరి నీ పేరెందుకున్నదే?” అన్నాడు బాబు.

“ఆయన పేరు ఉండాల్సిన జాగల నాది పెట్టుకున్న. గీ ముచ్చట హైదరాబాద్‌కు ఫోన్ చేసి చెప్త, మీ టీచర్‌కు చెప్త. ఐతారం నాడు ముగ్గురం కోరుట్ల పోతున్నం. సారు నన్ను తిడితె మీరు నడుమల మాట్లాడొద్దు.”