చిత్రావతిలో దిగిన బావ

ధర్మవరంలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. దసరా నవరాత్రులకు ముందు పితృపక్షం పదిహేను రోజులూ పెళ్ళి ముహూర్తాలుండవు కాబట్టి నాకూ పెద్దగా పని ఉండదు. ఆ యేడు ఆ రోజుల్లోనే అక్క ఫోన్ చేసింది.

"చిత్రావతి పారతాండాదిరా. కెమెరా తీసుకోని రా. మల్లా ఎప్పుడు పారతాదో ఏమో!"

అక్కవాళ్ళ ఊరు ఏటి ఒడ్డునే. నాకు తెలిసిన చిత్రావతి అంటే ఇసుక, కంపచెట్లు, వాటి మధ్య మేకలు నడిచే దారి. నీళ్ళ మీద కొండల నీడ పడేలా ఒక పెద్ద ఫోటో తీసి షాపులో పెట్టుకోవాలని పొద్దున బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి ఇంట్లోని బొంతలు, దుప్పట్లన్నీ ఆటోలో వేసి ఏటికి బయలుదేరుతున్నారు. పండగకు ముందు ఎలాగూ ఉతకాల్సినవే. అక్కా, వాళ్ళత్తా చీరలు ఎగదోపుకుని నీళ్ళలోకి దిగారు. బావ మాత్రం గట్టునే నిలబడ్డాడు. ఊళ్ళో ఏ పంచాయితీ జరిగినా ఆయన గొంతే అందరికన్నా పైన వినిపిస్తుంది.

"మీరు ఉతకండి. నేను ఆరేస్తా," అన్నాడు దర్జాగా.

నేను కొండల వైపు కెమెరా పెట్టుకుని ఎండ తగ్గడం కోసం చూస్తున్నాను. అంతలో అత్త చేతిలోంచి తడిసిన బొంత జారి కొట్టుకుపోసాగింది. పాత చీరలతో ఆమె స్వయంగా కుట్టుకున్న బొంత అది.

"పట్టుకోరా, నీ పక్కనే పోతాండాది!" అని కొడుకును కేకేసింది.

బావ ఆవేశంగా దిగాడు. రెండడుగులు వేసి బిగుసుకుపోయాడు.

"ఓయ్! కాళ్ళ కింద ఇసుక జారతాండాది! పట్టుకో నన్ను!"

"మోకాళ్ళ లోతు గూడా లేదు గదప్పా!" అంటూ అక్క వెళ్ళి చెయ్యందించింది. ఆయన రెండు చేతులా ఆమె భుజాన్ని వాటేసుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అక్క తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. వెనకాల అత్త కంపకు తగులుకున్న బొంతను లాగుతూ నవ్వుతోంది. నేను కొండలను వదిలేసి కెమెరా ఇటు తిప్పాను.

"తీసినావా?" అన్నాడు బావ, ఒడ్డుకు చేరగానే.

"తీసినా బావా."

"తీసెయ్ దాన్ని!"

"తీసేసినావంటే నీకీపొద్దు సంగటి లేదప్పా," అంది అత్త నాతో.

అక్క పెళ్ళి ఫోటోల్లో వాళ్ళిద్దరి మధ్య ఇంకో మనిషి నిలబడేంత ఎడం ఉంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఉన్న ఫోటో ఇదొక్కటే. కొండల ఫోటో సంగతి ఆ తర్వాత నాకు గుర్తే రాలేదు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు పోయినా, వేదిక మీద నిలబెట్టి తీసేవి తీసేశాక వంటల దగ్గరికీ, జడలు వేసుకునే గదుల్లోకీ పోతుంటాను. జనం అడిగి మరీ పెద్దవి చేయించుకునేది ఆ ఫోటోలనే.

దసరా రోజు ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి తీసుకుపోయాను. బావ చాలాసేపు చూశాడు.

"నా కడుపు ఇంత ఉండాదా?" అని మాత్రం అడిగి, ముందరింట్లో తానే మేకు కొట్టి తగిలించాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చూపించి, ఆ పొద్దు నీళ్ళు రొమ్ము లోతు ఉన్నాయని చెబుతాడు.

"మోకాళ్ళు కనపడతాండాయి గదరా!" అంటుంది అత్త.

"అది కెమెరా తప్పమ్మా," అంటాడు బావ.